డెల్టా ఇళ్లకు వాన నీటి తొట్లు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

వాన నీటిని ఒడిసిపట్టాలనగానే అందరూ ఇంకుడు గుంత పేరే ఎత్తుతున్నారు. మెట్టకు అది సరే. మన పల్లపు ఊళ్లకూ అదే కొలతా? మేం ఇల్లు కట్టినప్పుడు ప్లాను అనుమతి కోసం ఆరడుగుల గుంత తవ్వించి కంకర, ఇసుక పోయించాం. శ్రావణం వచ్చేసరికి దాంట్లోకి వాన నీళ్లు దిగడం అటుంచి, అడుగు నుంచే ఊట పైకొచ్చింది. బంకమట్టి నేల, కాలువలు పారే రోజులు, ఇంక ఇంకేదెక్కడ? ఇంకినా మా వీధిలో కింద ఉన్నది ఉప్పునీరే.

కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి మనకు కాలువే ఆధారం. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువు నీళ్లు పచ్చబడతాయి, 20 లీటర్ల టిన్నుల కోసం పరుగులు మొదలవుతాయి. ఇదే డెల్టాలో ఏటా 1000 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద అది లక్ష లీటర్లు. వృథా పోగా 80 వేలైనా దక్కాలి. అవన్నీ గొట్టంలోంచి నేరుగా మురుగు కాలువలో కలుస్తున్నాయి.

మా అమ్మమ్మగారి మండువా ఇంట్లో చూరు కింద గంగాళాలు పెట్టేవారు. తొలి వాన మాత్రం పట్టనిచ్చేది కాదు. ‘పెంకులు కడగనీయండర్రా’ అనేది. నిరుడు మా డాబాలో సగానికి అదే పద్ధతి పెట్టుకున్నాం. తొలి వాన బయటికి వదిలే మూత, గులకరాళ్లు, ఇసుక, బొగ్గు నింపిన డ్రమ్ము, కింద 5 వేల లీటర్ల తొట్టి, దానికి దోమతెర. కార్తీకంలో నిండిన నీళ్లు కాచుకుని తాగాం, వండుకున్నాం. కాలువలు మళ్లీ వదిలేదాకా టిన్ను కొనలేదు.

డాబాలో మిగతా సగం మిద్దె తోట. కింది గదిలో ఎండ సెగ తగ్గింది, బచ్చలి, తోటకూర ఇంట్లోవే. అయితే తొందరపడి మట్టి ఎత్తకండి. తడిసిన మట్టి 10 సెంటీమీటర్ల మందానికే చదరపు మీటరుకు 150 కిలోలు దాటుతుంది. ముందు ఇంజనీరుకు చూపించి, నీరు కారకుండా పూత వేయించి, కోనసీమలో కావలసినంత దొరికే కొబ్బరి పొట్టు ఎక్కువగా కలపాలి. తోటలోంచి దిగే నీళ్లలో ఎరువు ఉంటుంది, వాటిని తాగే తొట్టిలోకి రానివ్వకూడదు.

తమిళనాడు 2003లోనే ప్రతి భవనానికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేసింది. మన పురపాలక అధికారులు డెల్టాలో ఇంకుడు గుంత బదులు నిల్వ తొట్టినీ ప్లానులో ఒప్పుకోవాలి, కట్టినవారికి ఇంటి పన్నులో రాయితీ ఇవ్వాలి. ముందుగా బడులు, కల్యాణ మండపాలు, రైసు మిల్లుల గోడౌన్ల కప్పులు చూడండి. ఈ తొలకరిలోపే ఒక్క బడికైనా తొట్టి కట్టించండి.

— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా