థెరూ పుస్తకాన్ని మూలన పడేయకు

బిడ్డా,

పాల్ థెరూ ఆఫ్రికా ప్రయాణాల పుస్తకం 'డార్క్ స్టార్ సఫారి' సగం చదివి మూలన పడేశానన్నావు. ఆ రచయితకు నోరెక్కువ, తెల్ల ల్యాండ్‌రోవర్లలో తిరిగే సాయం సంస్థల వాళ్లంటే కడుపుమంట, ఎవరినీ మెచ్చడు అన్నావు. నువ్వు ఉగాండాలో కంపాలా నుంచి అలాంటి బండిలోనే బోరుబావుల పని మీద ఊళ్లు తిరుగుతున్నావు కాబట్టి నీకు మండటంలో తప్పు లేదు. ఫోన్‌లో చెబితే నన్ను పూర్తిగా చెప్పనివ్వవని ఉత్తరం రాస్తున్నా.

ఆయన కోపం ఎక్కడినుంచి వచ్చిందో ముందు చూడు. 1963లో పీస్ కోర్ అనే అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ తరఫున టీచరుగా ఆఫ్రికాలోని న్యాసాలాండ్ వెళ్లాడు. మర్నాటి ఏడాదే అది మలావీ అయింది. అక్కడి పాలకుడు హేస్టింగ్స్ బండాకు ఎదురు తిరిగిన ఒకాయనకు సాయం చేశాడని 1965లో ఆ దేశం నుంచి గెంటేశారు, పీస్ కోర్ వాళ్లూ తీసేశారు. తర్వాత వచ్చింది మీ ఊరికే, మకెరెరె యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి. రచయిత వి.ఎస్. నైపాల్‌తో పరిచయం 1966లో అక్కడే. మళ్లీ 2001లో, అరవయ్యో ఏట, కైరో నుంచి కేప్‌టౌన్ దాకా బస్సులూ లారీలూ పడవలూ రైళ్లూ పట్టుకుని పోయాడు. దారిలో మలావీలో తను పనిచేసిన బడికి వెళ్తే లైబ్రరీ అరల్లో పుస్తకాలు లేవు. ఇన్నేళ్ల సాయం ఏమైపోయింది, ఈ దేశంలో చదువుకున్నవాళ్లు ఇక్కడ పాఠాలు చెప్పకుండా ఎక్కడికి పోయారు అని అడిగాడు. నువ్వు అక్కడ ఉండి పనిచేస్తున్నదానివి, ఆ ప్రశ్నకు జవాబు నీ దగ్గర ఉండొచ్చు. ఉంటే నాకు రాయి. నోరు చెడ్డదని అడిగిన మాటను కొట్టిపారేయకు.

ఆయన తప్పు లేదని కాదు. రెండు రోజులు ఉన్న ఊరి గురించి రెండు పేజీల్లో తేల్చేస్తాడు. 1975లో వచ్చిన 'ది గ్రేట్ రైల్వే బజార్' సంగతి చూడు. లండన్‌లో బయల్దేరి ఇస్తాంబుల్, టెహ్రాన్, లాహోర్, ఢిల్లీ మీదుగా జపాన్ దాకా పోయి సైబీరియా రైల్లో తిరిగొచ్చిన కథ అది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాతపుస్తకాల్లో దొరికింది నాకు. తెరవగానే మన జీటీ ఎక్స్‌ప్రెస్ పేరుతో ఒక అధ్యాయం, హౌరా మెయిల్ పేరుతో ఇంకొకటి! బల్లార్షా, కాజీపేట, వరంగల్, బెజవాడ అంటే నేను గార్డుగా ఏళ్ల తరబడి తిరిగిన లైను. ఆశగా చదివా. రైలు కిటికీలోంచి కనబడే దరిద్రం ఆయనకు బాగానే కనబడింది, అబద్ధమేమీ రాయలేదు. కానీ తెల్లారకముందే భుజాన సుత్తీ పానా వేసుకుని, పట్టాలను బిగించే కీలు ఊడితే వాటిని కొట్టుకుంటూ తన బీట్ అంతా నడిచి వచ్చే కీమ్యాన్ గురించి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన రచయితకు ఎవరు చెబుతారు? రైలు వస్తుంటే ఆ కీమ్యాన్ పక్కకు దిగి నిలబడతాడు. లోపలున్నవాడికి అతను ఒక్క క్షణం కనబడతాడు, అదీ ఊరికే నిలబడ్డ మనిషిలా. అందుకే థెరూ కళ్లతో చూసింది నేను నమ్ముతాను, అందులోంచి తేల్చింది మాత్రం ఆచితూచి తీసుకుంటాను.

కళ్లు మాత్రం కళ్లే. ఆ పుస్తకం మొదట్లోనే డఫిల్ అని ఒక ముసలాయన వస్తాడు. కాగితపు పొట్లాలు పట్టుకుని ఇస్తాంబుల్ పోతుంటాడు. బండిలో తిండి దొరకదు. ఇటలీ సరిహద్దు స్టేషన్ డోమోదొస్సోలాలో ఏదైనా కొనుక్కుందామని దిగుతాడు. రైలు కదిలిపోతుంది. ఆయన ప్లాట్‌ఫారం మీద, సామాను బండిలో. థెరూ ఆ సామాను వెనిస్‌లో అప్పజెప్పి తన దారిన తను పోతాడు. ఇదెంత నిజమో నాకు తెలుసు. బల్లార్షాలో నీళ్లకని దిగి, చేతిలో సీసాతో మిగిలిపోయినవాళ్లను బ్రేక్‌వ్యాన్ నుంచి నేను చూశాను. ముందు పెట్టెల వాళ్లకు వాళ్ల పరుగు కనబడుతుంది. పరుగు ఆపేశాక వాళ్ల ముఖం ఎలా అవుతుందో చివరి పెట్టెలో ఉన్న గార్డుకే కనబడుతుంది. అరిచే ముఖం కాదది, లెక్క తప్పినవాడి ముఖం. థెరూ ఆ సంగతిని అక్కడితో వదిలెయ్యలేదు. 1982లో, ఫాక్‌లాండ్స్ యుద్ధం జరుగుతుండగా, బ్రిటన్ తీరం చుట్టూ కాలినడకనా రైళ్లలోనూ తిరిగి 'ది కింగ్‌డమ్ బై ద సీ' రాశాడు చూడు, ఆ తిరుగుడులో డఫిల్ సొంతూరు వెళ్లి వాకబు చేశాడు. అప్పటికే ఆయన పోయాడు. రైల్లో కాసేపు పక్కన కూర్చున్న మనిషి కోసం అంత దూరం వెళ్లినవాణ్ణి మనుషులంటే గిట్టనివాడని ఎలా అంటావు?

ఇప్పుడు అసలు సంగతి. ప్రయాణాల పుస్తకాలు మాత్రమే చదివి ఆయన్ని తూచకు, నవలలు కూడా చదువు. ముందుగా 1981లో వచ్చిన 'ది మస్కిటో కోస్ట్'. అందులో అల్లీ ఫాక్స్ అని ఒకడు. చేతిలో పనితనం ఉంది, బుర్ర ఉంది, నోటికి అదుపు లేదు. అమెరికా చెడిపోయిందని రోజూ తిట్టి, పెళ్లాం పిల్లల్ని హోండూరస్ అడవిలోకి లాక్కుపోతాడు. అక్కడ మంచు తయారుచేసే పెద్ద యంత్రం కడతాడు. మంచు చూడని జనానికి మంచు ఇచ్చి ఉద్ధరిద్దామని! మంచు దిమ్మ మోసుకుంటూ కొండలు ఎక్కి దిగుతారు, చేరేలోగా అది కరిగిపోతుంది. చివరికి యంత్రం పేలి, అందులోని అమోనియా నదిని పాడుచేస్తుంది. వెనక్కి పోదామని పిల్లలు ఏడుస్తారని, అమెరికా ఇక లేదు, నాశనమైపోయిందని వాళ్లకు అబద్ధం చెబుతాడు. ఈ కథంతా చెప్పేది పదమూడేళ్ల పెద్ద కొడుకు చార్లీ. తండ్రి మాటల్ని వేదంలా విన్న పిల్లవాడు ఒక్కొక్కటిగా ఎలా విడిపించుకుంటాడో నెమ్మదిగా చదువు.

నిన్ను కాల్చిన సాయం గొడవ, 'సఫారి'కి ఇరవై ఏళ్ల ముందే ఇందులో ఉంది. తేడా ఏమిటంటే, ఇక్కడ బోనులో నిలబడ్డవాడు అచ్చం థెరూ లాంటివాడే, అన్నీ తనకే తెలుసనుకునేవాడు. ప్రయాణాల్లో తీర్పులు చెప్పే మనిషి నవలలో ఆ తీర్పరినే విచారించాడు. కడుపుమంట ఒక్కటే ఉన్నవాడు ఈ పని చేయడు. (అల్లీ ఫాక్స్ పోలికలు మన ఇంట్లోనూ ఒకరికి ఉన్నాయని మీ అమ్మ అంటోంది. ఎవరికో నేను అడగలేదు.) 1986లో దీన్ని హారిసన్ ఫోర్డ్‌తో సినిమా తీశారు. అది తర్వాత చూడు, ముందు పుస్తకం.

దాని తర్వాత 'ఘోస్ట్ ట్రైన్ టు ద ఈస్టర్న్ స్టార్', 2008లో వచ్చింది. 'రైల్వే బజార్' దారినే మళ్లీ పట్టాడు. ఇరాన్ వీసా ఇవ్వలేదు, అఫ్ఘనిస్తాన్‌లో పోయే వీలు లేదు, అందుకని జార్జియా, అజర్‌బైజాన్, తుర్క్‌మెనిస్తాన్ మీదుగా చుట్టు తిరిగాడు. మొదటి పుస్తకంలో దాచిన ముక్క ఇందులో చెబుతాడు. 1973లో ఆయన రైళ్లలో తిరుగుతుంటే లండన్‌లో సంసారం కూలిపోతోంది. భార్య ఇంకొకరికి దగ్గరైంది, ఇద్దరు చిన్నపిల్లలు ఇంట్లో ఉన్నారు. వాళ్లలో చిన్నవాడే నువ్వు చూసే డాక్యుమెంటరీల లూయీ థెరూ. ఆ విషయం తెలిశాక మొదటి పుస్తకంలోని పుల్లవిరుపు మాటలు కొన్ని నాకు వేరేగా వినబడ్డాయి.

నైపాల్‌తో తగాదా మీద రాసిన 'సర్ విడియాస్ షాడో' మాత్రం ఇప్పుడే వద్దు. తను నైపాల్‌కు సంతకం చేసి ఇచ్చిన పుస్తకం పాతపుస్తకాల కేటలాగులో అమ్మకానికి కనబడిందని మొదలైన గొడవ, 2011లో షేక్‌హ్యాండ్‌తో చల్లారింది. మధ్యలో ఉన్నదంతా పంచాయితీ.

నాకో పని చేసిపెట్టు. మకెరెరెలో ఉన్నప్పుడు, 1967లో, అక్కడి 'ట్రాన్సిషన్' పత్రికలో తూర్పు ఆఫ్రికాలోని మన ఇండియా వాళ్లను అందరూ ఎందుకు ద్వేషిస్తున్నారని థెరూ ఒక వ్యాసం రాశాడు. ఉగాండా నియంత ఇదీ అమీన్ 1972లో ఆ వ్యాపారుల కుటుంబాలను వెళ్లగొట్టడానికి అయిదేళ్ల ముందు! యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్తే ఆ సంచిక ఉందేమో అడుగు, దొరికితే పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. నీ ఆఫీసులో చదువుకున్న ఉగాండా వాళ్లున్నారుగా, వాళ్లు 'సఫారి' చదివి ఉంటే ఏమంటారో కూడా కనుక్కో. నీ కోపం కంటే వాళ్ల కోపం నాకు ఎక్కువ కావాలి.

అమ్మ సకినాలు డబ్బాకెత్తింది. హైదరాబాద్ నుంచి అటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే నంబరు పంపు, 'మస్కిటో కోస్ట్' కూడా ఆ సంచిలోనే పెడతా.

ఆశీస్సులతో,
నాన్న
కాజీపేట