భయపెట్టే ఆటలన్నీ ఒకటి కావు

సంపాదకుడు గారికి,

సెలవుల్లో పిల్లల కాలక్షేపాల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఫోన్ గురించి రాసినవన్నీ ఒప్పుకుంటాను. కానీ కార్డుల ఆటల్నీ హారర్ ఆటల్నీ ఒకే వాక్యంలో కట్టేసి, పిల్లల్ని వాటి దరిదాపులకు రానివ్వొద్దనడం నాకు సబబుగా అనిపించలేదు. ఆ రెండూ కలిసిన ఆటనే నేనూ, పదిహేడేళ్ల మా అమ్మాయీ ఇష్టపడి ఆడుతున్నాం. అందుకే ఈ ఉత్తరం.

ఆట పేరు 'ఆర్కమ్ హారర్: ది కార్డ్ గేమ్'. ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ సంస్థ 2016లో తెచ్చింది. అప్పటి పెట్టె ఒకరు లేదా ఇద్దరు ఆడేందుకే. 2021లో వచ్చిన సవరించిన పెట్టెతో నలుగురి దాకా ఆడవచ్చు. మా దగ్గరున్నది పాతది. ఇందులో పందెం లేదు. ఏ కార్డులొస్తాయోనని ప్యాకెట్ల మీద ప్యాకెట్లు కొనాల్సిన అవసరమూ లేదు, ఒక పెట్టెలో ఏమేం ఉంటాయో ముందే తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇద్దరం ఒకరి మీద ఒకరం ఆడం. గెలిస్తే ఇద్దరం గెలుస్తాం, ఓడితే ఇద్దరం ఓడతాం.

కథ 1920ల నాటి అమెరికాలో, ఆర్కమ్ అనే ఊహాపట్టణంలో నడుస్తుంది. నేను రోలండ్ బ్యాంక్స్ అనే ఫెడరల్ ఏజెంటుని, అంటే అమెరికా ప్రభుత్వ నేరపరిశోధకుణ్ణి, అమ్మాయి డైసీ వాకర్ అనే లైబ్రేరియన్. రోలండ్ 9 దెబ్బల దాకా ఓర్చుకుంటాడు గానీ 5 భయాలకే మనసు చెదిరిపోతుంది. డైసీకి సరిగ్గా తిరగేసి, ఒంటికి 5, మనసుకి 9. మొదటి కథలో చదువుకునే గదిలో ఉండగా తలుపు మాయమైపోతుంది. అక్కడి నుంచి ఆధారాలు వెతుక్కుంటూ బయటపడాలి. ఒక్కొక్కరికి వంతుకి మూడు పనులే. ఈలోగా రౌండు గడిచేకొద్దీ కీడు పెరుగుతూ ఉంటుంది.

ఆధారం వెతకడం, పోరాడడం లాంటి పనుల్లో మన బలానికి పరీక్ష వచ్చినప్పుడల్లా ఒక సంచిలోంచి టోకెన్ తీయాలి. దానిమీది అంకె మన బలానికి కలుస్తుంది, లేదా తగ్గుతుంది. ఎక్కువగా తగ్గించేవే ఉంటాయి. ఒక టోకెన్ మీద ఆక్టోపస్ చేయి లాంటి టెంటకిల్ బొమ్మ ఉంటుంది, అదొస్తే ఎంత బలం ఉన్నా ఆ ప్రయత్నం పోయినట్టే. సంచిలో చెయ్యి పెట్టిన క్షణంలో ఉండే టెన్షన్ ఏ సినిమాలోనూ నాకు కలగలేదు.

భయం ఇందులో ఉత్త బొమ్మల్లో లేదు, నియమాల్లోనే ఉంది. 'ఫ్రోజెన్ ఇన్ ఫియర్' అనే కార్డు మన ముందు పడితే, ఆ రౌండులో మొదటిసారి కదలాలన్నా, పోరాడాలన్నా, తప్పించుకోవాలన్నా ఒక పని అదనంగా ఖర్చుపెట్టాలి. దాన్ని వదిలించుకోవడానికి వంతు చివర మనోబల పరీక్ష ఉంటుంది. రోలండ్ మనోబలం 3, చేరాల్సిందీ 3. మైనస్ టోకెన్ ఏదొచ్చినా పోయినట్టే. ఒకసారి అలా చిక్కుకుపోయినప్పుడు "నాన్నా, ఉండు, నేనొస్తున్నా" అని అమ్మాయి తను వెతుకుతున్న గది వదిలేసి నా గదిలోకి వచ్చింది. ఒకే చోట ఉంటేనే అవతలివాళ్ల పరీక్షకి మన చేతిలోంచి ఒక కార్డు ఇవ్వగలం. తను మనోబలానికి 2 కలిపే 'గట్స్' కార్డు ఇచ్చింది. నా బలం 5 అయింది, మైనస్ 2 వచ్చినా గట్టెక్కాను. తన వంతులో కొంత నష్టపోయింది, ఆ సంగతి తనకి ముందే తెలుసు. తను ఎలా ఆలోచిస్తుందో, దేన్ని వదులుకుంటుందో నాకు ఇలాంటప్పుడే తెలుస్తోంది. చదువు గురించి అడిగితే ముక్తసరిగా జవాబిచ్చే వయసు మరి.

ఓడిపోయినా కథ అక్కడితో ఆగనక్కర్లేదు. తగిలిన గాయమో మానసిక వేదనో రాసుకుని, దాంతోనే తరువాతి కథలోకి వెళ్లొచ్చు. మొదటి కథ చివర ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆడబోయేవాళ్ల కోసం అదేమిటో చెప్పను గానీ, దాని మీద మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం, నాకు బాగా నచ్చింది కూడా ఆ వాదనే. నియమం దగ్గర పేచీ వచ్చి త్వరగా తేలకపోతే, మనకి ఎక్కువ చేటు చేసే అర్థమే తీసుకోమని రూల్ పుస్తకమే చెబుతుంది. పేచీ అక్కడితో సరి.

ఇబ్బందులు లేవనను. కార్డులు సర్ది మొదలుపెట్టడానికే చాలాసేపు పడుతుంది. పిల్లలతో ఆడే పెద్దలు ఇంకో సంగతి గమనించాలి. కలిసి ఆడే ఆటల్లో నియమాలు బాగా తెలిసినవాళ్లు అవతలివాళ్ల వంతు కూడా తామే ఆడేస్తుంటారు. "ఇలా చెయ్, అలా చెయ్" అని మనమే నడిపిస్తే పిల్లలకి అందులో మిగిలేది ఏమీ లేదు. వాళ్ల కార్డులు వాళ్లనే చూసుకోనివ్వాలి, తప్పు నిర్ణయమైనా సరే.

పెట్టె మీద 14 ఏళ్లు దాటినవారికని ఉంటుంది. శవాలు తినే పిశాచాల బొమ్మలున్నాయి కాబట్టి చిన్నపిల్లలకి వద్దనే నేనూ అంటాను. నా విన్నపం ఒక్కటే. ఇకమీదట ఆటల గురించి రాసేటప్పుడు అది ఏ వయసువారికో, పందెం ఉందో లేదో, ఒకరి మీద ఒకరు ఆడేదో కలిసి ఆడేదో విడివిడిగా చెప్పండి. వీలైతే కలిసి ఆడే ఆటల మీదే ఒక వ్యాసం వేయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక తండ్రి