రిమ్ బ్రేకుకు కావాల్సింది నూనె కాదు, కొత్త అవుటర్

సంపాదకులకు,

వానలు మొదలైతే చాలు, విజయవాడలో రోడ్ బైకులు తొక్కేవాళ్ల నోట ఒకటే మాట: "వైరు బ్రేకు పట్టడం లేదు, హైడ్రాలిక్ వేయించుకుంటే పోదా?" ఇది డిస్కు బ్రేకు సంగతి కాదు. రిమ్మునే పట్టుకుంటూ, వైరుకు బదులు నూనె ఒత్తిడితో నడిచే బ్రేకు సంగతి. అలాంటివి లేకపోలేదు. మాగురా కంపెనీ 1987లోనే తెచ్చింది. 2013లో స్రామ్ కంపెనీ రోడ్ బైకులకూ తెచ్చింది గానీ, గడ్డకట్టే చలిలో సీళ్లు (నూనె కారకుండా ఆపే రబ్బరు బిళ్లలు) నిలవక అదే ఏడాది డిసెంబరులో వెనక్కి పిలిపించుకుంది. మన ఊరికి ఆ చలి బెడద లేదు. మన బెడద వేరే.

నూనె బ్రేకు తీర్చేది ఒక్కటే, అవుటర్ (వైరు మీది తొడుగు) లోపలి రాపిడి. వెనక బ్రేకు వైరు హ్యాండిల్ టేపు కింద నుంచి కాలిపర్ (రిమ్మును పట్టే బ్రేకు చేతులు) దాకా మూడు నాలుగు వంపులు తిరుగుతుంది. ప్రతి వంపులోనూ చేతి బలం కొంత పోతుంది. నూనె గొట్టానికి వంపుల బాధ లేదు. అందుకే ఫ్రేము లోపల నుంచి మెలికలు తిప్పే టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీపడే పందెం) సైకిళ్లకు అది నిజంగా పనికొచ్చింది. కానీ తడిసిన రిమ్ము మీద చక్రం తిరిగే మొదటి చుట్లు నీళ్లు తుడవడానికే పోతాయి. ఇసుక లారీలు తిరిగే కరకట్ట రోడ్డు మీదైతే ఆ నీళ్లలో ఇసుక కూడా. లీవరు వైరును లాగినా, నూనెను నెట్టినా, చివరికి పట్టేది అదే రబ్బరు.

పైగా మరమ్మతు ఒక తలనొప్పి. గాలి బుడగ చేరితే లీవరు మెత్తబడుతుంది. రెండు సిరంజిలతో, కింది నుంచి పైకి నూనె ఎక్కించి బుడగ తీయాలి. మాగురాకు మినరల్ ఆయిల్, స్రామ్‌కు డాట్ 5.1 అనే రకం బ్రేక్ ఆయిల్. ఆటోనగర్‌లో బ్రేక్ ఆయిల్‌కు కొదవ లేదు కదా అని మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ పోస్తే సీళ్లు ఉబ్బి మొత్తం పాడవుతుంది. డాట్ ఒలికితే ఫ్రేము పెయింటూ లేచిపోతుంది.

నిజానికి 'పట్టడం లేదు' అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం తుప్పు పట్టిన వైరు, అరిగిన అవుటర్, గట్టిపడిన రబ్బర్లే. వైరు 1.6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలుది, బేరిపండు ఆకారపు తల ఉన్నది అడగండి. పీపాలాంటి తల ఎంటీబీ (మౌంటెన్ బైకు) లీవరుది. అవుటర్ 5 మిల్లీమీటర్లది, స్ప్రింగులా చుట్టిన ఉక్కుతో చేసినది కావాలి. గేరు అవుటర్ 4 మిల్లీమీటర్లే ఉంటుంది, లోపల తీగలు నిలువుగా ఉంటాయి. అది మిగిలిందని బ్రేకుకు వేశారా, గట్టిగా నొక్కిన రోజు చీలిపోతుంది. ఈ తేడా చెప్పకుండా అమ్మేసే షాపులను ఏమనాలి?

అవుటర్ కోసిన చోటును ఆకురాయితో సమంగా అరగదీసి, నలిగిన లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని సూదితో తెరిచి, అవుటర్ కొనకు టోపీ పెట్టాలి. అందరూ దాటేసే పని ఇదే, లీవరు బరువెక్కేదీ ఇక్కడే. అడ్జస్టర్‌ను (వైరు బిగువు సరిచేసే మరను) పూర్తిగా లోపలికి తిప్పి, రెండు చుట్లు వెనక్కి తియ్యండి. రబ్బర్లు రిమ్ముకు రెండు వైపులా 1 నుంచి 2 మిల్లీమీటర్ల దూరంలో ఉండేలా పట్టి, వైరు బోల్టును 6 నుంచి 8 న్యూటన్ మీటర్లకు బిగించండి. తర్వాత లీవరును పదిసార్లు బలంగా నొక్కితే అవుటర్ తన చోట కూర్చుంటుంది, వైరు వదులవుతుంది. అప్పుడు మళ్లీ సరిచేయాలి. ఈ రెండో బిగింపు మానేసి, 'నిన్న వేయించాను, ఇవాళ వదులైంది' అంటే తప్పు వైరుది కాదు.

రబ్బరు ముందు అంచు వెనక అంచు కన్నా అర మిల్లీమీటరు ముందుగా రిమ్ముకు తగలాలి. వెనక అంచు కింద విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తే సరిపోతుంది, కీచుమనదు. రబ్బర్లలో దిగబడ్డ అల్యూమినియం పొడి, ఇసుక రవ్వలను నెలకోసారి సూదితో పీకి, ఉప్పుకాగితంతో రుద్దాలి. రిమ్మును స్పిరిట్ గుడ్డతో తుడవాలి. ఆ గుడ్డ గొలుసు నూనెకు తగిలినదైతే తుడవకపోవడమే నయం.

కొండవీడు, కోటప్పకొండ ఘాట్ రోడ్లు దిగేటప్పుడు మాత్రం ఏ రిమ్ బ్రేకైనా ఒకటే. వేడంతా రిమ్ములోకే వెళ్తుంది, లోపలి ట్యూబు పేలవచ్చు. అదే పనిగా పట్టి ఉంచకుండా మలుపుకు ముందు గట్టిగా నొక్కి వదలండి. దిగాక రిమ్మును వెంటనే ముట్టుకోకండి, చల్లారనివ్వండి. చల్లారాక ఒక్క చూపు రిమ్ము పక్క గోడ మీద వెయ్యండి: చాలా రిమ్ములకు అక్కడ సన్నటి గీత గానీ చిన్న గుంట గానీ ఉంటుంది. అది కనపడకుండా అరిగిపోతే మార్చాల్సింది రిమ్మునే.

— ఒక సైకిల్ మెకానిక్, పటమట, విజయవాడ