మీ బామ్మర్ది లేబర్ కార్డు సంగతి

ఒరేయ్,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఊళ్ళో సంగతులన్నీ చెప్పి అసలు విషయం చివర్లో చెప్పే అలవాటు కెనడాలో బ్రాంప్టన్ వెళ్ళినా పోలేదు నీకు. మీ బామ్మర్ది దుబాయ్‌లో ఇన్నేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేశాడు, ఇక మీ దగ్గరికి వచ్చేద్దామనుకుంటున్నాడు, ఏమేం కాగితాలు కావాలి అని కదా. ఫోన్‌లో చెప్తే సగం వినేసరికి చెల్లెమ్మ పిలుస్తుంది, నువ్వు వెళ్ళిపోతావు. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

వాడు సెలవు మీద వచ్చి, మొన్న ఫైలు పట్టుకుని సర్టిఫికెట్ల పని చూసే మా షాపుకొచ్చాడు. ఐటీఐ సర్టిఫికెట్ ఉంది, మార్కులు కూడా బాగున్నాయి, కానీ లామినేషన్ చేయించి పెట్టాడు మహానుభావుడు. అటెస్టేషన్ ముద్ర, అంటే సర్టిఫికెట్ నిజమైనదేనని ప్రభుత్వం వేసే ముద్ర, ఒరిజినల్ వెనక వైపు పడాలి, ప్లాస్టిక్ మీద ఎవరు వేస్తారు? మనవాళ్ళకి ఇదో పిచ్చి, ఏ కాగితం విలువైనదైతే దాన్నే ముందు ప్లాస్టిక్‌లో పెట్టేస్తారు. సరే, అది నిదానంగా విప్పిస్తాను, దాని గురించి టెన్షన్ పడకు. అసలు తలనొప్పి లేబర్ కార్డు, అదే దుబాయ్‌లో పని చేయడానికి ఇచ్చే పర్మిట్. అందులో వృత్తి దగ్గర 'హెల్పర్' అని ఉందిరా! ఆ రోజు ఏజెంట్ చేతిలో ఏ వీసా ఉంటే అది కొట్టి పంపించాడు. వీడు అక్కడ డీబీలు (కరెంటు పంచే బోర్డులు) బిగించాడు, కేబుల్ ట్రేలు వేశాడు, కొత్తగా వచ్చిన పిల్లలకి పని నేర్పాడు, కానీ కాగితం ప్రకారం చూస్తే ఇన్నేళ్ళూ సామాన్లు మోశాడంతే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్ళిన వాళ్ళలో ఇలాంటివాళ్ళు నాకు వస్తూనే ఉంటారు. పని మేస్త్రీ పని, కార్డు మాత్రం హెల్పర్ కార్డు.

మీ ఒంటారియోలో ఎలక్ట్రీషియన్ పని లైసెన్సు లేకుండా చేయకూడదని నీకు తెలుసు కదా. పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చినంత మాత్రాన వైరు ముట్టుకోనివ్వరు. ఇది మనవాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు, ఇమిగ్రేషన్ వాళ్ళు చదువుకి పాయింట్లు వేశారంటే ఆ పని చేసుకోవచ్చని రాసిచ్చినట్టే అనుకుంటారు. అవి రెండూ వేర్వేరు ఆఫీసులు, వేర్వేరు లెక్కలు. వాడు స్కిల్డ్ ట్రేడ్స్ ఒంటారియో అనే సంస్థకి అప్లై చేసి, అక్కడి అప్రెంటిస్‌కి దీటుగా పనిచేశానని ముందు చూపించుకోవాలి. అక్కడి అప్రెంటిస్ క్లాసులతో కలిపి సుమారు 9,000 గంటలు చేస్తాడు. వాళ్ళు ఒప్పుకుంటేనే పరీక్షకి కూర్చోనిస్తారు, అందులో 70 శాతం రావాలి.

ఇక్కడ నువ్వు వెంటనే "అంత పని వచ్చినవాడికి మళ్ళీ పరీక్షేంట్రా" అంటావు, నాకు తెలుసు. ఈ విషయంలో నేను నీ వైపు లేను. మనింట్లో స్విచ్ బోర్డు విప్పితే నల్ల వైరు న్యూట్రల్. మీ కెనడాలో నల్ల వైరులోనే కరెంటు వస్తుంది, తెల్లది న్యూట్రల్. చెయ్యి ఎంత తిరిగినవాడైనా అలవాటు మీద నల్లదే కదా అని పట్టుకున్నాడో, అంతే సంగతులు. ఇక్కడ 230 వోల్టులు, అక్కడ 120, వైరింగ్ నియమాల కోడ్ పుస్తకం వేరు. కాబట్టి పరీక్ష పెట్టనీ, అందులో అవమానమేం లేదు. పరీక్ష ఉంటే చదువుకుని రాస్తాడు, మనవాళ్ళకి పరీక్షలు కొత్తా?

నాకు మండేది ఇంకోటి. నువ్వు వెళ్ళిన కొత్తలో ప్రతిచోటా విన్నావే, "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదు" అని, అది. మెకానికల్ చదివి, పటాన్‌చెరులో ఫ్యాక్టరీ నడిపినంత పనిచేసి, అక్కడ వేర్‌హౌస్‌లో రాత్రిపూట డబ్బాలు స్కాన్ చేశావు. నీకు లెక్కలు రావనలేదు, డ్రాయింగ్ చదవలేవనలేదు. ఏం తక్కువైందో చెప్తే నేర్చుకుందువు కదా! ఉద్యోగం ఇస్తేనే అనుభవం వస్తుంది, అనుభవం ఉంటేనే ఉద్యోగం ఇస్తాం అంటే మనిషి ఎక్కడికి పోవాలి? ఒంటారియో మానవ హక్కుల కమిషనే 2013లో ఇది పైకి చూడగానే వివక్ష అని తేల్చింది. అయినా ఇంజనీర్లకి లైసెన్సిచ్చే సంస్థ ఆ షరతు ఎత్తేసింది 2023 మేలో. 2026 జనవరి నుంచైతే కాస్త పెద్ద కంపెనీలు ఉద్యోగ ప్రకటనలో ఆ మాట రాయడానికే లేదు. రాయరు సరే, మనసులో పెట్టుకుంటే ఎవడు పట్టుకుంటాడు అంటావా, అదీ నిజమే.

నీ డిగ్రీ సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఇంజనీరింగ్ డిగ్రీలని దేశాలు ఒకరివి ఒకరు గుర్తించుకునే వాషింగ్టన్ అకార్డ్‌లో మన దేశం 2014లో చేరింది. పేపర్లలో గొప్పగా వేశారు. కానీ అది ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసి గుర్తింపిచ్చే మన దేశపు సంస్థ) టైర్-1 గుర్తింపు ఉన్న కోర్సులకే, అంటే యూనివర్సిటీలు, అటానమస్ కాలేజీలు. మనలాగా మామూలు జేఎన్టీయూ అఫిలియేటెడ్ కాలేజీలో చదివినవాళ్ళకి అందులో చోటు లేదు. హోర్డింగ్ మీద ఈ మాట ఏ కాలేజీ వాడూ రాయడు.

జర్మనీ వాళ్ళ పద్ధతి నాకు కాస్త నచ్చింది. మా షాపుకి ఒక నల్గొండ అమ్మాయి వస్తుంటుంది, బీఎస్సీ నర్సింగ్, ఇక్కడ ఐసీయూలో పనిచేసింది. జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్చుకుని వెళ్ళింది. అక్కడ ఆమె సిలబస్ మొత్తం చూసి, ఇదిగో నీకు ఈ సబ్జెక్టులో ఇంత, వార్డు పనిలో ఇంత తక్కువ ఉంది అని నోటీసు ఇచ్చారట. తక్కువైంది ట్రైనింగ్‌లో పూర్తి చేస్తావా, పరీక్ష రాస్తావా, నీ ఇష్టం అన్నారు. ఈలోపు అసిస్టెంటుగా జీతం. ఆ పిల్లకి మొదట్లో ఏడుపొచ్చిందట, ఎందుకంటే అక్కడ పేషెంట్‌కి స్నానం చేయించడం, తినిపించడం కూడా నర్సు పనే, ఇక్కడైతే అది ఆయా చూసుకుంటుంది. వెంటిలేటర్ చూసిన చేతులతో ఇదేంటి అనిపించడం సహజమే. కష్టమే, కానీ ఏం నేర్చుకోవాలో చేతిలో కాగితం ఉంది. కూర బాగాలేదని లేచిపోయేవాడికీ, ఉప్పు తగ్గిందని చెప్పేవాడికీ ఉన్నంత తేడా.

ఇలా ఆపడంలో మనమూ ఏం తీసిపోలేదులే. ఫిలిప్పీన్స్‌లోనో కిర్గిజ్‌స్తాన్‌లోనో డాక్టరీ చదివొచ్చిన పిల్లలు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఎఫ్ఎంజీఈ అనే పరీక్షలో 300కి 150 తెచ్చుకోవాలి, 149 వస్తే మళ్ళీ అమీర్‌పేట హాస్టల్, మళ్ళీ కోచింగ్. నార్సింగి వైపు టవర్లు కడుతున్న ఒడిశా, బిహార్ వాళ్ళలో ఎంతమంది మంచి పనివాళ్ళకి ఆ పని వచ్చని ఒక్క కాగితమైనా ఉంటుంది చెప్పు?

సరే, బామ్మర్ది సంగతి. కార్డు మీద హెల్పర్ అని ఉన్నా దారి మూసుకుపోలేదు. కంపెనీ ఇంకా నడుస్తోంది కాబట్టి వాడు సెలవయ్యి వెళ్ళాక, అక్కడ ఉద్యోగంలో ఉండగానే లెటర్‌హెడ్ మీద లెటర్ తీసుకోవాలి. "మంచివాడు, కష్టపడతాడు" అనే లెటర్ నాలుక గీసుకోవడానికి కూడా పనికిరాదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వారానికి ఎన్ని గంటలు, వైరింగ్ ఎంత, ప్యానెల్ పని ఎంత, టెస్టింగ్ ఎంత, కింద సంతకం పెట్టినవాడి హోదా, ఫోన్ నంబరు, అన్నీ ఉండాలి. హెచ్ఆర్ వాడు కార్డులో ఉన్నదే రాస్తానంటే సైట్ ఇంజనీర్ చేత రాయించుకోమను. జీతం బ్యాంకులో పడిన స్టేట్‌మెంట్లు, పని చేస్తున్న ఫోటోలు దాచుకోమను. అవి లెటర్‌కి బదులు కావు కానీ తోడుంటాయి.

ఇంకోటి, పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఐటీఐలో పూర్తిగా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ముగ్గురు మనుషుల్లా ఉన్నాడు. పాస్‌పోర్టు సరిచేయించాకే మిగతావి కదిలిద్దాం.

మెహదీపట్నంలో ఒక కన్సల్టెన్సీ వాడు అన్నీ మేమే చూసుకుంటాం, లైసెన్సు గ్యారంటీ అని అడ్వాన్స్ అడిగాడట. లైసెన్సుకి గ్యారంటీ ఇచ్చేవాడు ఎవడూ ఉండడు, రూపాయి కట్టొద్దని ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పు. నా మాట వినడు, బావ మాట వింటాడు. మీ దగ్గర ఆ ట్రేడ్ పరీక్ష రాసిన మనవాళ్ళెవరైనా ఉంటే ఏ పుస్తకం చదివారో కనుక్కుని నాకు పంపు, వాడిక్కడ సెలవులో ఉండగానే మొదలుపెట్టిస్తాను.

ఉంటాను రా.