ఇంటిపేర్ల పట్టికతో పాటు వాటి చరిత్ర కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో మీరు వేసిన 'ఏ దేశంలో ఏ ఇంటిపేరు ఎక్కువ' పట్టిక మా ఇంట్లో అందరం చదివాం. చైనాలో వాంగ్, వియత్నాంలో న్గుయెన్, అమెరికాలో స్మిత్, టర్కీలో యిల్మాజ్. అంకెలతో నాకు పేచీ ఏమీ లేదు. కానీ కొరియా కిమ్‌ల పక్కన 'వీరంతా మన అయోధ్య రాకుమారి సంతతి' అని ఒక వాక్యం వేశారు, అప్పటి నుంచి ఆ ఒక్క వాక్యమే కత్తిరించి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారు. పేపర్లో వచ్చిందంటే జనం నమ్ముతారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పొడుగైనా దయచేసి కోత పెట్టకుండా వేయండి.

2015 జనగణన ప్రకారం దక్షిణ కొరియాలో కిమ్‌లు కోటి మందికి పైనే, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. కిమ్, లీ, పార్క్ మూడూ కలిపితే జనాభాలో 45 శాతం దాకా వస్తారు. అయితే కిమ్ అన్నంత మాత్రాన ఒకే వంశమని కొరియా వాళ్లే అనుకోరు. ఇంటిపేరుతో పాటు ప్రతి కుటుంబానికీ 'పోన్‌గ్వాన్' అని ఇంకోటి ఉంటుంది, మూలపురుషుడిదని చెప్పుకునే ఊరి పేరు అది. కిమ్‌హే ఊరి కిమ్‌లు వేరు, క్యోంగ్‌జు ఊరి కిమ్‌లు వేరు. మీరు రాసిన రాకుమారి కథ కిమ్‌హే శాఖది మాత్రమే. కొరియాలోని పాత కయా రాజ్యపు రాజు సురోను పెళ్లాడటానికి 'అయుత' అనే దేశం నుంచి హో హ్వాంగ్ ఓక్ అనే రాకుమారి ఓడలో వచ్చిందని 13వ శతాబ్దంలో రాసిన ఒక కొరియా గ్రంథంలో ఉంది. కథ జరిగిందని చెప్పే కాలం ఒకటో శతాబ్దం, రాసింది పన్నెండు వందల ఏళ్ల తర్వాత. అయుత అంటే అయోధ్యేనని కొందరంటారు, కాదని కొందరంటారు. 2001లో సరయూ ఒడ్డున ఆమెకు స్మారకం కట్టారు, అయోధ్యకూ కిమ్‌హేకూ మధ్య స్నేహం పెరిగింది, మంచిదే. కానీ ఒక్క కిమ్‌హే శాఖలోనే 40 లక్షల మందికి పైగా ఉంటే, అంతమందీ ఒక రాజు, రాణి పిల్లలేనని ఎట్లా అంటాం?

అసలు ఇంతమంది కిమ్‌లు ఎలా అయ్యారన్నదే తెలుసుకోవాల్సిన విషయం. కొరియాను చివరగా ఏలిన చోసన్ రాజుల కాలంలో బానిసలకు, చాలామంది పేద జనానికి ఇంటిపేరే లేదు. యాంగ్‌బాన్ అనే పెద్ద కులీన వర్గానికి సైనిక పన్ను మినహాయింపు ఉండేది, వాళ్ల దగ్గర 'చోక్పో' అనే వంశావళి పుస్తకాలు ఉండేవి. రాజ్యం చివరి శతాబ్దాల్లో డబ్బు చేతికొచ్చిన రైతులు, వర్తకులు ఆ పుస్తకాల్లో తమ పేరు ఎక్కించుకోవడానికి సొమ్ము చెల్లించారు. ఎందుకు చెల్లించరు, పన్ను తప్పుతుంది, పిల్లలకు మర్యాద దక్కుతుంది. 1894 సంస్కరణలతో బానిసత్వం రద్దయింది, 1909లో కుటుంబాల నమోదు చట్టం వచ్చి ప్రతి మనిషికీ ఇంటిపేరు ఉండాలంది. అప్పటిదాకా పేరు లేనివాళ్లలో చాలామంది నలుగురికీ తెలిసిన గౌరవప్రదమైన పేర్లే తీసుకున్నారు, కిమ్, లీ, పార్క్ అని. తరతరాలు పేరు కూడా లేకుండా బతికినవాళ్లు రాజుగారి పేరు తమ వాకిట్లోకి తెచ్చుకున్నారు. ఈ సంగతి వదిలేసి అందరినీ రాకుమారి పిల్లల్ని చేస్తే ఆ మనుషుల చరిత్ర తుడిచేసినట్టే కదా.

ఒకే ఇంటిపేరు వాళ్లు పెళ్లి చేసుకోకూడదన్న పట్టింపు మనకూ ఉంది కాబట్టి ఈ తర్వాతి ముక్క మన పాఠకులకు బాగా అర్థమవుతుంది. కొరియాలో ఇంటిపేరూ పోన్‌గ్వానూ రెండూ కలిస్తే పెళ్లి చెల్లదని సాక్షాత్తూ సివిల్ కోడ్‌లోనే, 809వ సెక్షన్‌లో రాశారు. లక్షల మంది ఉన్న శాఖలో, ముత్తాతల నాటి నుంచి ఎక్కడా చుట్టరికం లేని ఇద్దరు ప్రేమించుకున్నా చట్టం ముందు అన్నాచెల్లెళ్లే. కలిసి కాపురం చేసినా పెళ్లి రిజిస్టర్ కాదు, పిల్లల్ని స్కూల్లో వేయాలన్నా, ఆస్తి రాయాలన్నా చిక్కులే. వీళ్ల గోడు భరించలేక ప్రభుత్వం 1978లో, 1988లో, 1996లో ఒక్కో ఏడాది గడువిచ్చి ఆ లోపు రిజిస్టర్ చేసుకోమంది. చివరికి 1997లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ సెక్షన్ చెల్లదని తీర్పిచ్చింది, 2005లో చట్టం మారింది. 'కిమ్‌లంతా ఒక్కటే' అన్న మాట అక్కడ ఎన్ని కాపురాలను ఏడిపించిందో తెలిస్తే మనం దాన్ని అంత తేలిగ్గా అచ్చు వేయం.

వియత్నాం సంగతీ అంతే. జనాభాలో మూడో వంతుకు పైగా న్గుయెన్‌లే. 1225లో లీ వంశం చేతిలోంచి సింహాసనం త్రాన్ వంశానికి పోయింది, 1232లో త్రాన్ పాలకులు లీ అన్న ఇంటిపేరు వాళ్లంతా న్గుయెన్ అని మార్చుకోవాలని ఆజ్ఞ వేశారు. పైకి చెప్పిన కారణం రాజుగారి తాత పేరులో 'లీ' ఉంది, దాన్ని జనం పలకకూడదు అని. లోపలి కారణం ఊహించడం కష్టమేమీ కాదు, దిగిపోయిన రాజుల పేరు జనం నోట్లో మిగలకూడదు. తర్వాత 1802 నుంచి 1945 దాకా న్గుయెన్‌లే రాజవంశం, దాంతో ఆ పేరుకు ఇంకా బలం వచ్చింది. ఇంతమందికి ఒకే ఇంటిపేరు ఉంటే దానితో పిలిచి లాభం లేదు, అందుకే అక్కడ చివర ఉండే సొంత పేరుతోనే పిలుస్తారు. ఫ్రెంచి సైన్యం మీద దియెన్ బియెన్ ఫూ యుద్ధం గెలిచిన వో న్గుయెన్ జియాప్‌ను ప్రపంచమంతా జనరల్ జియాప్ అనే అంది.

ఫిలిప్పీన్స్ గురించి మీ పట్టికలో ఒక్క వరుస ఉంది, నన్నడిగితే సగం పేజీ ఇవ్వాల్సింది దానికే. 1849 నవంబర్ 21న స్పెయిన్ గవర్నర్ జనరల్ నార్సిసో క్లావేరియా ఒక ఆజ్ఞ జారీ చేశాడు. అంతకు ముందు జనం తమకు నచ్చినట్టు దె లా క్రూజ్, సాంతోస్ లాంటి భక్తి పేర్లు పెట్టుకునేవారు, ఒకే ఇంట్లో అన్నదమ్ములకు వేర్వేరు పేర్లు ఉండేవి, పన్ను వసూలు చేసే అధికారికి ఎవరు ఎవరో తెలిసేది కాదు. అందుకని అక్షరక్రమంలో పేర్ల జాబితా అచ్చు వేయించి జిల్లాలకు పంపారు. నాలుగు తరాలుగా ఒకే పేరు వాడుతున్నవాళ్లు అదే ఉంచుకోవచ్చు, మిగతావాళ్లు జాబితాలోంచి తీసుకోవాలి. కొన్నిచోట్ల ఒక ఊరికి ఒక అక్షరం పేజీలు పంచారు. అల్బాయ్ ప్రాంతంలోని ఓవాస్ ఊళ్లో ఇప్పటికీ ర అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లే ఎక్కువ. ఇంత చేసినా ఇవాళ్టికీ అక్కడ బాగా వినిపించేవి ఆ పాత దెలా క్రూజ్, సాంతోస్, రేయెస్‌లే. ఓ గుమస్తా కాగితం చించి ఊరికి పంపితే ఊరి ఇంటిపేర్లన్నీ మారిపోయిన చోట, ఇంటిపేరు చూసి వంశం ఎలా చెబుతాం?

వేల్స్‌లో జోన్స్‌లు, డేవిస్‌లు అంతమంది ఉండటానికి కారణం, తండ్రి పేరు చెప్పుకునే పాత పద్ధతిని ఇంగ్లండ్ చట్టాల కింద స్థిరమైన ఇంటిపేరుగా బిగించేయడం. డెన్మార్క్‌లో 1828లో అలాంటి ఆజ్ఞే వచ్చింది, టర్కీలో 1934లో చట్టమే చేశారు, అప్పుడే పార్లమెంటు ముస్తఫా కెమాల్‌కు అతాతుర్క్ అన్న పేరిచ్చింది. ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ ఎక్కువమందికి ఇంటిపేరు లేదు, టెలిఫోన్ డైరెక్టరీ కూడా సొంత పేర్ల వరుసలోనే వేసేవారు, వాళ్ల రాజ్యం చక్కగానే నడుస్తోంది.

జపాన్ గురించి మాత్రం కొంచెం చెప్పాలి. 1875లో అందరికీ ఇంటిపేరు తప్పనిసరి చేశారు, సైన్యంలోకి తీసుకునేందుకు లెక్కలు కావాలి కాబట్టి. ఊరు, పొలం, కొండ, వాగు మీద పేర్లు పుట్టి లక్షకు పైగా ఇంటిపేర్లున్న దేశమైంది. కానీ పెళ్లయ్యాక భార్యాభర్తలిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలని అక్కడి సివిల్ కోడ్ ఇప్పటికీ అంటుంది. ఎవరిదైనా తీసుకోవచ్చని చట్టంలో ఉన్నా దాదాపు 95 శాతం జంటల్లో ఆడవాళ్లే మార్చుకుంటున్నారు. దీని మీద సుప్రీంకోర్టుకు వెళితే 2015లోనూ 2021లోనూ చట్టం సరైనదే అన్నారు. ఇలాగే సాగితే చిన్న పేర్లు పెద్ద పేర్లలో కలిసిపోయి 2531 నాటికి దేశంలో అందరూ సాతోలే అవుతారని 2024లో తొహోకు యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకాయన లెక్క కట్టి చూపించారు. నిజంగా అలా అవుతుందని ఆయన అనడం కాదు, చట్టం మార్చమని అడుగుతున్నవాళ్ల పక్షాన వేసిన లెక్క అది. పట్టికలో సాతో మొదటి స్థానం అని వేసినప్పుడు ఆ ఆడవాళ్ల పోరాటం గురించి ఒక్క ముక్క ఉంటే ఎంత బాగుండేది.

ఇక మన సంగతి. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్లిన కూలీల జాబితాలో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాయడానికి గళ్లున్నాయి. ఇంటిపేరుకు గడి లేదు. ఆ తర్వాతి ఓడల్లో మన తెలుగువాళ్లు వేల మంది వెళ్లారు, అక్కడ పుట్టిన తరాలకు తండ్రి పేరో, కులం గడిలో రాసిన మాటో ఇంటిపేరైపోయింది. ఇవాళ దక్షిణాఫ్రికాలో నాయుడూ, రెడ్డీ బాగా కనిపించే ఇంటిపేర్లు. వాళ్ల అసలు ఇంటిపేరేదో చాలా కుటుంబాలకు తెలియదు. మనకు ఇంటిపేరంటే మామూలుగా పూర్వీకుల ఊరు, అది పోయిందంటే వెనక్కి దారి పోయినట్టే.

ఇప్పుడు అదే పని మనమే మన పిల్లలకు చేస్తున్నాం. ఫారంలో లాస్ట్ నేమ్ అని ఉంటే చివర ఉన్న ముక్క అక్కడ పడుతుంది. అన్నదమ్ములు ముగ్గురు అమెరికా వెళితే, పిల్లలకు తండ్రి పేరు చివరన చేరి మూడు కుటుంబాలకు మూడు ఇంటిపేర్లు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రపంచానికి రాధాకృష్ణన్, ఆయన కొడుకు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ ప్రపంచానికి గోపాల్, నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ ఊరి పేరు ఇద్దరి దగ్గరా ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. సంఖ్యాశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలిసిన సి.ఆర్. 'రావు' గారి ఇంటిపేరు కల్యంపూడి, కంప్యూటర్ రంగంలో ఇచ్చే ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ఇంటిపేరు దబ్బాల, ఎంతమందికి తెలుసు? నాదెళ్ల సత్య ఒక్కరు ఇంటిపేరును వెనక్కి జరిపి నిలబెట్టుకున్నారు, అందుకే ఆ పేరు అందరి నోళ్లలో ఉంది. గల్ఫ్ వెళ్లేవాళ్లకైతే ఇది పేరు పోవడంతో ఆగదు, 2022 నవంబర్‌లో యూఏఈ పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వం అన్నప్పుడు కరీంనగర్ నుంచి కోనసీమ దాకా ఎంత టెన్షన్ పడ్డారో. తర్వాత రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని సడలించారు కాబట్టి ఊపిరి పీల్చుకున్నారు.

నేను అడిగేది మూడు విషయాలు. రాకుమారి సంతతి అన్న వాక్యానికి వివరణ వేయండి, అది కిమ్‌హే శాఖ చెప్పుకునే కథ అని. రెండోది, చైనా, కొరియా, వియత్నాం, జపాన్ వాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారని పాఠకులకు తెలిసేలా పేర్లు వేయండి. మీరు ఒకే వార్తలో చైనా అధ్యక్షుణ్ణి సొంత పేరుతో జిన్‌పింగ్ అంటారు, ఉత్తర కొరియా నేతను ఇంటిపేరుతో కిమ్ అంటారు, ఏది ఏదో చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? జపాన్ ప్రభుత్వం 2020 నుంచి ఇంగ్లిష్ కాగితాల్లో కూడా ఇంటిపేరే ముందు రాసుకుంటోంది, ఆబె షింజో అని. మూడోది, విదేశంలో తెలుగు మూలాలున్నవాళ్లు ఎన్నిక గెలిచారనో, బహుమతి తెచ్చుకున్నారనో మీ విలేకరి ఫోన్ చేసినప్పుడు, మీ ఇంటిపేరేమిటండీ అని కూడా అడగమనండి. ఏ ఊరు, ఏ జిల్లా అని ఎలాగూ అడుగుతారు కదా. ఒకవేళ ఆ కుటుంబానికి తెలియకపోతే, తెలియదన్న మాటనే అచ్చు వేయండి, ఇక్కడున్న చుట్టాల్లో ఎవరైనా చదివి చెప్పొచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒంగోలు