ఆదివారం చర్చ: చిట్టగాంగ్ కుర్రాళ్లు

అందరికీ నమస్కారమండీ. ఈ ఆదివారం మాట్లాడుకునేది 1930 ఏప్రిల్ 18 రాత్రి చిట్టగాంగ్‌లో (అప్పటి బెంగాల్, ఇప్పుడు బంగ్లాదేశ్) విప్లవకారులు బ్రిటిష్ వాళ్ల మీద చేసిన దాడి గురించి. నాయకుడు సూర్యసేన్ బడిపంతులు, కుర్రాళ్లకు ‘మాస్టర్‌దా’. టెలిఫోన్ ఆఫీసు ధ్వంసం చేశారు, ఆయుధాగారం పట్టుకున్నారు. తీరా చూస్తే తుపాకులున్నాయి, తూటాలు లేవు! యూరోపియన్ క్లబ్బుకు వెళ్తే అక్కడా ఖాళీయే. ఆ రోజు గుడ్ ఫ్రైడే మరి. ఇంత ప్లాన్ వేసినవాళ్లు ఆ ఒక్కటీ ఎలా మర్చిపోయారో నాకిప్పటికీ అర్థం కాదు.

నాలుగు రోజులకు చిట్టగాంగ్ దగ్గరి జలాలాబాద్ కొండ మీద వీళ్లను బ్రిటిష్ సైన్యం చుట్టుముట్టింది. మనవాళ్లు 12 మంది పోయారు. అందులో టేగ్రా అనే పిల్లవాడికి ఇరవై కూడా లేవు. సూర్యసేన్‌ను 1934 జనవరి 12న ఉరితీశారు.

1932లో సూర్యసేన్ దళంలోని ప్రీతిలత అదే యూరోపియన్ క్లబ్బు మీద చేసిన దాడి గురించి ఎవరైనా ఓ పది నిమిషాలు చెప్తారా? పేరు ఇక్కడే పెట్టండి. సాయంత్రం 6కి లింక్ పంపిస్తాను.