వైనతేయ తీరాన చరిత్ర ప్రదర్శన: సంఘ వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సభ్యత్వాలు, సమావేశాలు ఈ ఏడాదీ మామూలుగానే సాగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. చెప్పుకోవలసిన పని స్థానిక చరిత్ర ప్రదర్శన ఒక్కటే. అందులోనూ బోర్డుల రూపకల్పనే మనకు ఎక్కువ కాలం పట్టింది.

తొలి పేచీ వరుస దగ్గర వచ్చింది. సంవత్సరాల క్రమం పాటించాలని కొందరు, కాటన్ దొర చిత్రపటంతో మొదలుపెట్టాలని ఇంకొందరు పట్టుబట్టారు. చివరికి నది పారే క్రమమే ఖాయమైంది. పొడవాటి గోడకు ఎడమ కొసన ధవళేశ్వరం, కుడి కొసన సముద్రం. నీలిరంగు పట్టీ ఒకటి ధవళేశ్వరం దిగువన చీలుతుంది: పై పాయ గౌతమి యానాం వైపు, కింది పాయ వశిష్ఠ అంతర్వేది వైపు. వశిష్ఠ నుంచి విడివడిన మన వైనతేయ ఆ రెంటికీ నడుమ సాగుతుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఎడమ చివర ఉంటే, అంతకు ముందే 1839 తుఫానులో దెబ్బతిన్న కోరంగి రేవు కుడి చివరకు చేరింది. తేదీలు వెనకా ముందూ అవుతాయన్న అభ్యంతరం నిజమే. అయితే వచ్చినవారు ముందు వెతికేది తమ ఊరిని, సంవత్సరాన్ని కాదు.

కాటన్ విగ్రహాలకు డెల్టాలో కొదవ లేదు. అందుకే ఆయన బోర్డులో సగం, ఆనకట్ట పనిని దగ్గరుండి నడిపించిన వీణెం వీరన్నకు ఇచ్చాం. దీనిమీద అలిగిన పెద్దలున్నారు. బోర్డు మాత్రం మారలేదు.

వైనతేయ మీదుగా కాలువ నీటిని దాటించేందుకు కట్టిన వంతెన, గన్నవరం అక్విడక్టు బొమ్మ అందరినీ తిప్పలు పెట్టింది. పాత కట్టడానికి 49 కమానులు. అంత పొడవు ఒక్క బోర్డులో పెడితే కమాను వేలెడంత కూడా రాదు. బొమ్మను పక్కపక్క బోర్డుల మీదికి సాగదీసి, అతుకు ప్రతిచోటా స్తంభం మీద పడేలా చూశాం. కమాను మధ్యలో అతుకు పడితే కట్టడం విరిగినట్టు కనిపిస్తుంది. కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి (1841–1909) పేరే పెట్టారు కనుక, ఆమె అన్నదానం గురించిన బోర్డు దాని పక్కనే నిలిచింది.

అక్షరాల సంగతి. సభ్యులు ఫోన్లలో టైపు చేసి పంపిన వ్యాసాలు యూనికోడ్‌లో ఉన్నాయి. డీటీపీ కేంద్రంలోనివి యూనికోడ్‌కు పొసగని పాత ఫాంట్లు. అతికించగానే వత్తులన్నీ చెల్లాచెదురయ్యాయి. అంతా ఉచితంగా దొరికే ‘మండలి’ అనే యూనికోడ్ ఫాంటులోకి మార్చి, పంక్తుల మధ్య ఎడం పెంచాం. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగిలితే తెలుగు చదవడం నరకం. ఒక్కో బోర్డుకు రాత కూడా బాగా కుదించాం, వ్యాసకర్తలు మన్నించాలి. ఫ్లెక్సీ చవక అన్న సూచనను తోసిపుచ్చాం, ముడతలు పడుతుంది, దీపాల వెలుతురుకు మెరుస్తుంది. సన్‌బోర్డు అనే తేలికపాటి ప్లాస్టిక్ పలక మీద మెరవని లామినేషన్ చేయించి, బోర్డు మధ్యభాగం నేల నుంచి సుమారు 5 అడుగుల ఎత్తులో ఉండేలా బిగించాం.

ఫోటోల్లో ఎక్కువ 1986 వరదవి, 1996 నవంబరు తుఫానువి. కూలిన కొబ్బరితోటల ఫోటోలకు రంగులు దిద్దలేదు. మూలన కెమెరా ముద్రించిన తేదీ ఉంటే దాన్నీ కత్తిరించలేదు. అందానికి అడ్డమే, సాక్ష్యానికి మాత్రం అదే ఆధారం.

వచ్చే ఏడాది బోర్డులను బడులకు తిప్పాలని కార్యవర్గం ఆలోచన. వానాకాలంలో బోర్డులు దాచడానికి పొడి గది ఒకటి కావాలి. ఇవ్వగల సభ్యులు తెలియజేయండి. పాత ఫోటోలున్నవారు వాటిని ఫోనుతో తీసి పంపకండి, ట్యూబులైటు మెరుపు తప్ప ఏమీ కనిపించడం లేదు. అసలు ఫోటో తెస్తే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేసి వెంటనే తిరిగి ఇస్తాం. అందులో ఉన్నవారి పేర్లు వేరే కాగితం మీద రాసి తీసుకురండి.

– కార్యదర్శి